చిత్రకళా గురువు అడివి బాపిరాజు

తెలుగు వాచకాలలో పాఠానికి ముందు కవిపరిచయం అనే చిన్న భాగం ఒకటి ఉంటుంది. అడివి బాపిరాజు గారిని గూర్చి వ్రాసిన చోటనెల్లా కవి, నవలాకారుడు, చిత్రకారుడు అనే మూడు మాటలు వరుసగా కనబడతాయి. విద్యార్థులు మొదటి రెండింటిని పరీక్ష నిమిత్తం కంఠస్థం చేస్తారు. మూడవ మాటను దాటిపోతారు. ఆ మూడవ మాట వెనుక నాలుగవ మాట ఒకటి దాగి ఉన్నది. అది చిత్రకళా గురువు అన్న మాట. దానిని పరిచయకర్తలు సైతం తరచుగా వ్రాయరు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఆ నాలుగవ మాటను గూర్చియే.

దీనికి కారణం లేకపోలేదు. నందికొట్కూరు, పగిడ్యాల, మిడుతూరు, జూపాడు బంగ్లా ప్రాంతాల ఉన్నత పాఠశాలల నుంచి మా తరగతులకు వచ్చే బాలబాలికలలో చాలమంది కుంచె పట్టి ఎరుగరు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో లేని విషయానికి టైంటేబిలులో చోటు దొరకడం కష్టం. దొరికినా ఆ పీరియడు లెక్కల వారి పాలో, సైన్సు వారి పాలో అవుతుంది. తుమ్మచెట్టుకూ వేపచెట్టుకూ నీడలో భేదమేమని మేము అడిగినప్పుడు తరగతి అంతా మౌనం వహిస్తుంది. చూడలేదని కాదు, రోజూ చూస్తున్నారు. చూచినదానిని నిలిపి చూడమని వారిని ఎవరూ కోరలేదు. తెలుగు అధ్యాపకునికి చిత్రలేఖనంతో ఏమి పని అని కొందరు అనుకోవచ్చును. వర్ణన అనే పాఠం చెప్పవలసిన వారికి ఆ పని ఉన్నది.

బాపిరాజు గారు 1895 అక్టోబరు 8వ తేదీన పశ్చిమ గోదావరి ప్రాంతంలో భీమవరం దగ్గరి సరిపల్లె గ్రామంలో జన్మించారు. తండ్రి కృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. కాలువలు, కొబ్బరితోటలు, వరిచేలు గల సీమ అది. మన రాతినేలవలె కాక అక్కడ పచ్చదనం కనులకు విసుగు పుట్టేటంతగా ఉంటుంది. ఆయన రచనలలో రంగులు అంత విరివిగా రావడానికి ఆ నేలయే మొదటి కారణమని మా భావన. బాల్యాన్ని గూర్చి ఇంతకంటె విస్తరించనక్కర లేదు. ఆయనను తీర్చిదిద్దిన ఘట్టం కళాశాల విద్యకై రాజమహేంద్రవరం చేరిన తరువాతనే ఆరంభమైనది.

ఆ రాజమహేంద్రవరాన్ని తలచినప్పుడు మన సీమవాసి ఒకరు ముందుగా గుర్తుకు వస్తారు. 1907లో బిపిన్ చంద్రపాల్ గారి ఆంధ్రదేశ పర్యటన తరువాత వందేమాతరం అన్నందుకు అక్కడి విద్యార్థులపై ప్రిన్సిపాలు మార్క్ హంటర్ కఠినచర్యలు తీసుకొన్నారు. బహిష్కృతులైన వారిలో ముఖ్యులు కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. ఇట్టి చేదు జ్ఞాపకం ఇంకా ఆరక ముందే, 1909లో, మరొక ఆంగ్లేయుడు అదే ఊరి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆయనయే ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇద్దరూ ఒకే ప్రభుత్వపు ఉద్యోగులు, ఒకే దేశం నుంచి వచ్చినవారు. అయినను విద్యార్థులు ఒకరిని ఒక విధంగాను, రెండవ వారిని వేరొక విధంగాను జ్ఞాపకం ఉంచుకొన్నారు.

కూల్డ్రే గారు చిత్రలేఖనోపాధ్యాయులు కారు. ఆయన వృత్తి ఆంగ్ల సాహిత్యబోధన. స్వయంగా చిత్రకారులు, కవి. కళాశాల విడిచిన వేళలలో శిష్యులను గోదావరి గట్టుకు తీసుకొని పోయేవారు. నదిని, పడవలను, రేవులో నీళ్ళు ముంచుకొనే స్త్రీలను చూపి, చూచినదానిని గీయమనీ వ్రాయమనీ ప్రోత్సహించేవారు. అజంతా చిత్రాల విలువను తెలిపి, స్వదేశపు సంప్రదాయాన్ని విడిచి పరదేశపు పద్ధతిని అనుకరించడం తగదన్న భావం వారిలో కలిగించారు. ఒక ఆంగ్లేయుడు తెలుగు బిడ్డలకు ఈ మాట బోధించవలసి రావడం వింతయే. కాని ఆనాడు మన బడులలో డ్రాయింగు అంటే అచ్చువేసిన నమూనాను చూచి గీతకు గీత దించడం, సున్నపు బొమ్మలను ముందుంచుకొని నీడలు దిద్దడం. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ కళాశాల పద్ధతి నుంచి దిగివచ్చిన విధానం అది. చేయికి కుదురు కలిగించడంలో దానికి సాటి లేదు. కంటికి మాత్రం అది ఏ పనీ చెప్పలేదు.

ఆ గోదావరి గట్టు మీది శిష్యులలో దామెర్ల రామారావు గారు ఒకరు, కవికొండల వెంకటరావు గారు ఒకరు, బాపిరాజు గారు ఒకరు. రామారావు గారిని కూల్డ్రే గారు బొంబాయి జె.జె. కళాశాలకు పంపడమే కాక ధనసహాయం సైతం చేశారు. రామారావు గారు తిరిగివచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి శిష్యులను తయారుచేయసాగారు. ఇరవై ఎనిమిదేండ్లైనా నిండకుండా 1925లో మశూచికం సోకి మరణించారు. ఆ తరువాత ఆ కళాశాలను నిలబెట్టిన వారు వరదా వెంకటరత్నం గారు. కూల్డ్రే గారు అంతకు పూర్వమే, 1919లో, వినికిడి తగ్గిన కారణంగా ఉద్యోగం వదలి స్వదేశానికి వెళ్ళిపోయారు. పది సంవత్సరాల ఉద్యోగంలో ఒక్క డ్రాయింగు తరగతినైనా లెక్కలో చూపని మనిషి ఆంధ్రదేశానికి ఒక చిత్రకళా సంప్రదాయాన్ని ఇచ్చి వెళ్ళారు. పాఠశాలలలో డ్రాయింగు మాస్టరు పోస్టు ఖాళీగా ఉన్నది కాన ఏమీ చేయలేమని చేతులు ముడుచుకొనే మనవంటి వారు ఈ సంగతిని కొంచెం ఆలోచించవలె.

బాపిరాజు గారు పట్టభద్రులై మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. ఇంతలో సహాయ నిరాకరణోద్యమం వచ్చినది. ఆయన అందులో పాల్గొని ఒక సంవత్సరం కారాగార శిక్ష అనుభవించారు. ఆ దినాలలోనే ఆయన జీవితంలో బందరు ప్రవేశించినది.

బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలను గూర్చి మన విద్యార్థులు తెలిసికొనవలె. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు కలసి 1910లో దానిని స్థాపించారు. ప్రభుత్వపు విద్య గుమాస్తాలను మాత్రమే తయారు చేయగలదని వారి అభిప్రాయం. అందుచేత పుస్తకపు చదువుతో పాటు నేత, వడ్రంగం వంటి చేతిపనులను విద్యలో భాగం చేశారు. గాంధీ మహాత్ముడు 1937లో వార్ధాలో మౌలిక విద్యను ప్రతిపాదించడానికి ఇరువది ఏడేండ్లు ముందటి మాట ఇది. హనుమంతరావు గారు ఈ సంస్థ కోసం తమ జీవితాన్నే ధారపోశారు. ఆ కళాశాలకు చిత్రకళాచార్యులుగా వంగదేశం నుంచి ప్రమోద కుమార ఛటర్జీ గారిని రప్పించారు. బాపిరాజు గారు, న్యాయశాస్త్ర పట్టం చేతిలో ఉండగా, ఆయన ముందు శిష్యులై కూర్చున్నారు. గుర్రం మల్లయ్య, కౌతా రామమోహన శాస్త్రి గారలు సైతం ఆ గురువు శిష్యులే.

ఛటర్జీ గారు నేర్పిన విధానాన్ని కొంచెం వివరిస్తాము. దానిని వాష్ పద్ధతి అంటారు. ముందుగా కాగితంపై సన్నని రేఖలతో రూపం గీయవలె. పలుచని నీటిరంగు పూయవలె. అది ఆరిన పిదప కాగితాన్ని నీటిలో ముంచుతారు. కాగితం పీల్చుకొన్న రంగు నిలుస్తుంది, పైపై రంగు కడిగిపోతుంది. ఆరబెట్టి మరల రంగు, మరల నీరు. ఇట్లు పలుమార్లు చేయగా రంగులు ఒకదానిలో ఒకటి కరిగి, ఉదయపు మంచు తెర వెనుక నుంచి చూచినట్లు చిత్రం కనబడుతుంది. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో గార్ల పనితీరును చూచి అవనీంద్రనాథ ఠాకూరు గారు దీనిని రూపొందించారు. మొగలాయి సూక్ష్మచిత్రాల ప్రభావం కూడ ఆయనపై ఉన్నది. జపాను నీరు, మొగలాయి రేఖ, అజంతా రూపం కలసి వంగదేశం మీదుగా బందరు చేరినవన్న మాట. ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. ప్రతి చిత్రమూ కొంత కలలాగా, కొంత జాలిగా తోస్తుంది. ఎండ లేదు, చెమట లేదు. బాపిరాజు గారి చిత్రాలలోను, నవలలలోను ఈ గుణమూ ఈ లోపమూ రెండూ ఉన్నవని మా అభిప్రాయం. అయితే గురువు దృష్టితో చూస్తే ఈ పద్ధతి వల్ల ఒక మేలు ఉన్నది. అది శిష్యునికి ఓపిక నేర్పుతుంది. కడిగివేయడానికి భయపడేవాడు ఈ విద్య నేర్వలేడు.

తరువాత ఆయన భీమవరంలో కొంతకాలం న్యాయవాద వృత్తి సాగించారు. ఆ వృత్తి ఆయనకు పొసగలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో ఆయన నారాయణరావు నవలకు, విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలకు కలిపి బహుమతి లభించినది. కిన్నెరసాని పాటలకు చిత్రాలు గీసి ఇచ్చిన వారు కూడ బాపిరాజు గారే. ఇద్దరి నడుమ స్నేహం అట్టిది. ఆ దరిమిలా, తాను ఒకనాడు శిష్యుడుగా కూర్చున్న జాతీయ కళాశాలకే ప్రిన్సిపాలై 1939 వరకు పనిచేశారు.

ఆయన వర్ణనను గూర్చి ఒక మాట చెప్పి ముందుకు పోతాము. హిమబిందు నవల శాతవాహన కాలపు కథ. అడవి శాంతిశ్రీ ఇక్ష్వాకుల కాలపు కథ. గోన గన్నారెడ్డి కాకతీయుల కాలపు కథ. ఈ చివరి దానిలోని వర్ధమానపురం మనకు దూరమైనది కాదు. కృష్ణ దాటితే, నేటి నాగర్ కర్నూలు జిల్లాలోని నందివడ్డెమానే అది. ఈ నవలలలో పాత్ర ప్రవేశించగానే శిరోజాల ముడి, చెవి కమ్మ, నడుము పటకా, వస్త్రపు అంచు వరుసగా వస్తాయి. కథ ఆగిపోయినదని విసుగుకొనే పాఠకులు ఉన్నారు. మేము సైతం కొన్ని చోట్ల విసుగుకొన్నాము. కాని అమరావతి శిల్పాల పటాలను ప్రక్కన పెట్టుకొని చదివితే ఆ వాక్యాలు మరొక తీరుగా అర్థమవుతాయి. రాతిలో చూచినదానిని ఆయన మాటలలో గీస్తున్నారు. వర్ణన వ్రాయమంటే అందమైన, మనోహరమైన అన్న రెండు విశేషణాలతో సరిపుచ్చుకొనే మన విద్యార్థులు ఆ పుటలను ఈ దృష్టితో ఒకసారి చూడవలె.

ఆయన ప్రిన్సిపాలుగా పనిచేసిన బందరు పట్టణం అద్దకానికి ప్రసిద్ధి. కలంకారీ అన్న మాట పారసీకం నుంచి వచ్చినది. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. బందరు, పెడనలలో టేకుకొయ్య అచ్చులతో అద్దుతారు. బట్టను కరక్కాయ కషాయంలో, పాలలో తడిపి ఆరబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం నలుపు ఇస్తుంది. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పట్టుకొంటుంది. గోలకొండ సుల్తానుల కాలంలో పారసీకుల అభిరుచికి తగినట్లు తీగలు, పూవులు, దేవదారు ఆకారాలు ఈ అచ్చులలోనికి వచ్చినవి. డిజైను అనే విద్యకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకం లేదు. అచ్చు చెక్కేవాడు ఒక్క ఆకునే చెక్కుతాడు, కాని నాలుగు ప్రక్కల అది ఎట్లు కలుస్తుందో ముందుగా ఎరిగి చెక్కుతాడు.

ఈ సందర్భంలో మన సమాజానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. మన ముస్లిం కుటుంబాలలో కొందరికి ప్రాణిరూపాలను చిత్రించడం విషయమై సంకోచం ఉన్నది. వారి మనస్సును నొప్పించడం మా ఉద్దేశం కాదు, వాదించి గెలవడమూ మా ఉద్దేశం కాదు. అయితే ఆ సంకోచాన్ని కారణంగా చూపి పిల్లలను చిత్రలేఖనం నుంచే దూరం చేయడం తగదు. కంపాసు వ్యాసార్థం మార్చకుండా వృత్తం చుట్టూ గుర్తులు పెడితే సరిగా ఆరు భాగాలు వస్తాయి. ఆ ఆరింటి నుంచి పుట్టిన నక్షత్రాలతోనే లోకంలోని ఎన్నో మసీదుల గోడలు నిండినవి. కర్నూలులో హంద్రీ గట్టున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీ గుమ్మటాలను, కమానులను గీయడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇక ఖత్తాతీ సంగతి. ఉర్దూ లిపిని అందంగా వ్రాసే కాతిబు కలం మొనతో చుక్క వేసి, ఆ చుక్కనే కొలమానంగా గ్రహిస్తాడు. నస్తాలీఖులో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. మన ఆళ్ళగడ్డ శిల్పులు ముఖం పొడవును తాళమనే కొలమానంగా గ్రహించి విగ్రహాన్ని విభజిస్తారు. ఇద్దరి విద్య ఒక్కటే. చుక్కతో కొలిచే చేయి, తాళంతో కొలిచే చేయి ఒకే సీమలో ఉండి ఒకదానినొకటి ఎరుగక పోవడం విచారకరం.

మరల బాపిరాజు గారి వద్దకు వస్తాము. చలనచిత్రాలు అప్పుడప్పుడే మాటలు నేర్చిన కాలంలో సి. పుల్లయ్య గారు తీసిన అనసూయ, ధ్రువవిజయం చిత్రాలకు ఆయన కళాదర్శకత్వం వహించారు. 1936లో వెలువడిన ఈ చిత్రాలలో పిల్లలే నటించారు. మీరాబాయి చిత్రానికి కూడ ఆయన పనిచేశారు. ఈ పని వలన ఆయనకు ఎంత ఆర్జన కలిగినదో గాని, కోనంగి నవలకు మాత్రం సామగ్రి లభించినది.

ఆ తరువాతి ఘట్టం మన కళాశాలకు అత్యంత సన్నిహితమైనది. 1940ల నడుమ హైదరాబాదు నుంచి మీజాన్ అనే దినపత్రిక వెలువడేది. మీజాన్ అనగా త్రాసు. దానిని గులాం మొహమ్మద్ కలకత్తావాలా గారు ఆంగ్లం, ఉర్దూ, తెలుగు మూడు భాషలలో ప్రకటించారు. తెలుగు మీజాన్‌కు బాపిరాజు గారు సంపాదకులు. తిరుమల రామచంద్ర గారు, రాంభట్ల కృష్ణమూర్తి గారు ఆయన వద్ద పనిచేశారు. రాంభట్ల వారు ఉర్దూ బాగుగా ఎరిగినవారు, వ్యంగ్యచిత్రాలు గీసేవారు. యజమాని మహమ్మదీయుడు, సంపాదకుడు గోదావరి జిల్లా బ్రాహ్మణుడు, దేశమో నిజాము పాలనలో ఉడికిపోతున్నది. అట్టి సమయంలో 1947 వరకు ఆ తెలుగు పత్రికను నడపడం కత్తిమీద సాము. ఆ ఒకే కప్పు క్రింద ఉర్దూ కుడినుంచి ఎడమకు, తెలుగు ఎడమనుంచి కుడికి సాగినవి. మన వార్షిక సంచికలో సైతం ఉర్దూ విభాగం ఒక అట్ట నుంచి, తెలుగు విభాగం మరొక అట్ట నుంచి మొదలై నడుమ కలుసుకొంటాయి. కాన ఈ పుటలలో ఆయనను తలచుకొనడం పరాయి పని కాదు.

సంపాదకత్వం తరువాత అవసానదశలో ఆయన మరల గురువు అయ్యారు. గుంటూరులో ఉండి విద్యార్థులకు చిత్రకళ నేర్పారు. బహుమతి పొందిన నవలాకారునికి, ప్రిన్సిపాలు పదవి చేసిన వానికి, పత్రికా సంపాదకునికి అది చిన్నపనియే కావచ్చును. ఆయనకు చిన్నదిగా తోచలేదు.

మన కళాశాల పాలకవర్గం వారికి ఇక్కడ ఒక విన్నపం. ప్రభుత్వ పరీక్షల విభాగం వారు నేటికీ డ్రాయింగులో లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు జరుపుతున్నారు. వానిలో డిజైనుకు చోటున్నది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు సైతం ప్రవేశం ఉండేటట్లు వారానికొకనాడు సాయంకాలం ఒక గదిని తెరచి ఉంచినచో చాలును. బల్లలు, కాగితం, నీటి చెంబు, రంగుల పెట్టెలు, ఇంతే వ్యయం. ఆళ్ళగడ్డ నుంచి ఒక శిల్పిని, కర్నూలు నుంచి ఒక కాతిబును సంవత్సరానికి ఒకసారి పిలవవచ్చును. వేసవిలో శ్రీశైలం జలాశయం తగ్గి సంగమేశ్వరాలయం బయటపడినప్పుడు పిల్లలను అక్కడికి తీసికొనిపోయి గీయించవచ్చును. రోళ్ళపాడు గడ్డిమైదానం మనకు ఇంకా దగ్గర. ఒకప్పుడు ఆ పేరు చెప్పగానే బట్టమేక పిట్ట తలపునకు వచ్చేది. ఆ పిట్ట నేడు కంటబడడమే అపురూపమైనది. దానిని చూచి గీసిన పిల్లవాడు మన బడులలో ఒక్కడు ఉన్నా ఆ కాగితం ఎంత విలువైనదై ఉండేది!

1951లో నాటి మద్రాసు ప్రభుత్వం వారి కోరికపై బాపిరాజు గారు సింహళం వెళ్ళారు. అక్కడి సిగిరియా కొండ గోడపై అయిదవ శతాబ్దినాటి స్త్రీరూపాలు ఉన్నవి. మేఘాల నడుమ నడుము వరకే కనబడుతూ, చేత పూలు పట్టుకొని నిలిచిన ఆ రూపాలు అజంతా చిత్రాలకు అక్కచెల్లెండ్ర వంటివి. కొండ నడిమి గుహలో ఎత్తున ఉన్న ఆ చిత్రాలను చూచి ఆయన ప్రతికృతులు చిత్రించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఆరేండ్లు. ఒకరి చిత్రానికి నకలు తీయడం ఆ వయస్సులో, అంత పేరు వచ్చిన తరువాత, ఎందరు ఒప్పుకొంటారు? ఆ మరుసటి యేడు, 1952 సెప్టెంబరు 22న, ఆయన పరమపదించారు. ఆయన చిత్రాలు కొన్ని తిరువాన్కూరు, బరోడా మ్యూజియములకు చేరినవి. శబ్దబ్రహ్మ అన్న చిత్రం డెన్మార్కు చేరినది.